వికటకవిని తిరగేస్తే

ప్రశ్న: ‘వికటకవి’ ఎటునుంచి చదివినా ఒకటేనంటారు. ఇంటర్నెట్‌లో పదాలు తిరగేసే ఒక పేజీలో టైపు చేస్తే ముందు ఒక ఊడిన గుడి, దాని వెనక ‘వకటకివ’ వచ్చాయి. తప్పెవరిది? వాట్సాప్‌లో తిరుగుతున్న ఇలాంటి జాబితాలో కిటికీ, టమాట, పాప, జంబీరబీజం కూడా ఉన్నాయి. ఇవన్నీ చెల్లుతాయా?
— ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

సమాధానం: తప్పు పేజీదే. మనం చదివేది అక్షరం. హల్లు, దాని గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిస్తేనే ఒకటి. ఆ లెక్కన వి-క-ట-క-వి అయిదు. కంప్యూటరు దాచుకునేది యూనికోడ్ (లిపులన్నిటికీ వాడే ప్రమాణం) సంకేతాలను. అందులో వ వేరు, గుడి వేరు. కాబట్టి వికటకవికి ఏడు: వ, గుడి, క, ట, క, వ, గుడి. వీటిని వెనకనుంచి పేరిస్తే చివరి గుడి ముందుకొచ్చి, పట్టుకోవడానికి హల్లు లేక చుక్కల వలయం మీద కూర్చుంటుంది. మొదటి గుడి పోయి క నెత్తినెక్కుతుంది.

మీ మద్దిలపాలెంతోనే చూడండి. చేత్తో తిరగేస్తే ‘లెంపాలద్దిమ’ (ఎవరి చెంపకో ఏదో రాసినట్టుంది). పేజీలో అయితే సున్నా ఎత్వమూ గాల్లో వేలాడి, ఆపైన ‘లాపలిద్దమ’ వస్తుంది. ద్ద మాత్రం చెదరదు. ద, పొల్లు, ద ఎటునుంచైనా ఒకటే కదా. ‘భక్తి’కి ఆ అదృష్టం లేదు, క్త కాస్తా త్క అవుతుంది. కొన్ని ప్రోగ్రాములు గుణింతాన్ని కలిపే ఉంచి పొల్లు దగ్గర తెంపుతాయి. వాటిలో భక్తి ‘తిక్భ’. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూసే నియమం చేర్చింది. పాత ప్రోగ్రాములు దాన్ని ఎరగవు. కాగితం మీద గళ్లు గీసి, గడికో అక్షరం రాసుకోవడమే నమ్మకం.

ఇక జాబితా. టమాట చెల్లుతుంది, ‘టమాటా’ అని రాస్తే చెల్లదు. జంబీరబీజం భేషుగ్గా చెల్లుతుంది, సున్న జ తోనే నడుస్తుంది కనుక. కిటికీకి చివర దీర్ఘం, పాపకు మొదట దీర్ఘం. రెండూ కొట్టేయండి. బదులుగా పులుపు, కునుకు, ముత్యము చేర్చుకోండి. ‘ముత్యం’ అన్నారో, పోయిందే.

పద్యపాదమే ఇలా తిరిగొస్తే దాన్ని పాదభ్రమకం అంటారు. 16వ శతాబ్దిలో నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఈ విద్య చూపాడు. లెక్కపెట్టింది అక్షరాలనే.

అయినా ఆ పేజీని మరీ తిట్టకండి. అక్షరాలు వదిలి ధ్వనులు తిరగేస్తే వికటకవి ‘ఇవకటకివ్’ అవుతుంది. మీకు వచ్చినది దానికి ఎంత దగ్గరో చూడండి! ఫోనులో గొంతు రికార్డు చేసి వెనక్కి నడిపినా దాదాపు ఇదే వినిపిస్తుంది. ఈ లెక్కలో నెగ్గే మాటలు వేరు. మీ బీచిలోని ‘అల’ ఒకటి: అ-ల్-అ. తర్వాత చుట్టాలంతా వరసకడతారు: అమ్మ, అయ్య, అన్న, అక్క, అత్త, అవ్వ, మీ ఉత్తరాంధ్రలో అక్కను పిలిచే అప్ప. అచ్చు, జంట హల్లు, మళ్లీ అదే అచ్చు. ఇవేవీ అక్షరాల లెక్కలో నిలవవు. ‘తాత’, ‘మామ’ మాత్రం రెంటికీ చెడ్డారు. అక్షరాల్లో దీర్ఘం అడ్డు, ధ్వనుల్లో ‘అతాత్’, ‘అమామ్’.