నీటిబొట్టుకు ఛార్జ్ ఎలా వస్తుందో చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం, ఫిజిక్స్. టెఫ్లాన్ మీద జారే నీటిబొట్టుకు విద్యుత్ ఛార్జ్ వస్తుందని క్లాసులో విన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఇంట్లో మాత్రం "నీటిబొట్లు చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఇంట్లోవాళ్ల టెన్షన్ సంగతి చూద్దాం. పెట్రోలు, విమాన ఇంధనం పైపుల్లో వేగంగా పారేటప్పుడు ఛార్జ్ పోగవుతుంది. ట్యాంకులో ఆవిరి ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ లేచినా ప్రమాదమే. చిప్‌ల తయారీలో వేఫర్లను (చిప్పులు చెక్కే పలచని సిలికాన్ బిళ్లలను) అతిశుద్ధమైన నీటితో కడిగేటప్పుడూ ఇదే బెడద. ఈ రెండు చోట్లా ఛార్జ్ ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్ల అవసరం ఉంది. కాబట్టి ఇంట్లో "నీటిబొట్లు" అనకండి, "ఉపరితల శాస్త్రం" అనండి. అది అబద్ధమేమీ కాదు, అసలు పేరే అది.

ఇక మీ ధ్యాస గురించి. నీరు తాకినప్పుడు టెఫ్లాన్ లాంటి ఉపరితలం మీద సాధారణంగా రుణావేశం చేరుతుంది. దానికి జోడైన ధనావేశం బొట్టులోనే, ఉపరితలాన్ని ఆనుకున్న పలచని పొరలో నిలుస్తుంది. బొట్టు జారిపోతుంటే దాని వెనుక అంచు దగ్గర ఈ జోడీ విడిపోతుంది: రుణావేశంలో కొంత పొడి ఉపరితలం మీదే మిగిలిపోతుంది, బొట్టు ధనావేశంతో వెళ్లిపోతుంది. వెంటవెంటనే బొట్లు వదిలితే తర్వాతి వాటికి ఛార్జ్ తగ్గుతూ వస్తుంది. నాకైతే ఇందులో అన్నిటికన్నా అందమైన విషయం ఇదే. ముందు బొట్టు చేసిన పని ఉపరితలానికి ఇంకా గుర్తుంది!

2025లో మెల్‌బోర్న్ పరిశోధకులు మరో సంగతి చూపించారు. బొట్టు ఏదో గరుకు దగ్గర ఆగి, ఒక్కసారిగా దూకినప్పుడు, అంతకుముందు అనుకున్నదానికి పది రెట్ల వరకు ఛార్జ్ పుట్టింది. ఛార్జ్‌ను మోసుకెళ్లేది అయాన్లా, ఎలక్ట్రాన్లా అన్న వాదన కూడా పూర్తిగా తేలలేదు. అంటే కొత్తవాళ్లకు చోటుంది.

అయితే ఒక మాట. ఈ రంగంలో నిలబెట్టేది సిద్ధాంతం కన్నా కొలత. ఇక్కడ ఛార్జ్ నానోకులూంబుల్లో (కులూంబులో వందకోట్లో వంతుల్లో) ఉంటుంది, మామూలు మల్టీమీటర్‌కు అందదు. బొట్టును ఫారడే కప్పులో (ఛార్జ్‌ను పట్టే లోహపు గిన్నెలో) పడనిచ్చి, ఎలక్ట్రోమీటర్‌తో (అతి చిన్న ఛార్జ్‌ను కొలిచే మీటర్‌తో) చదవాలి. గాలిలో తేమ మారినా, ప్లేటు మీద వేలిముద్ర పడినా అంకె మారిపోతుంది. ఆ విసుగును మీరు ఓర్చుకోగలరా అన్నది ఒక ప్రాజెక్టు చేస్తేనే తెలుస్తుంది. ఈ ఏడాదే చేయండి.

పీజీకి ఫిజిక్స్, మెటీరియల్స్ సైన్స్, కెమికల్ ఇంజనీరింగ్ ఏదైనా పనికొస్తుంది. ఉద్యోగమే ముఖ్యమైతే చివరి రెండూ మేలు. దరఖాస్తు పెట్టేముందు ఆ విభాగంలో ఉపరితలాల మీద ఎవరు పనిచేస్తున్నారో, ఎలక్ట్రోమీటర్ విద్యార్థుల చేతికిస్తారో లేదో అక్కడి సీనియర్లనే అడగండి.