నెలకు 425 డాలర్ల తేడా, ఏడాదికి 725 ఎలా అవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఆగస్టులో ఎంఎస్ చదవడానికి టెక్సస్‌లోని ఆర్లింగ్టన్ వెళ్తున్నాడు. యూనివర్సిటీ అపార్ట్‌మెంట్‌లో గదికి నెలకు 850 డాలర్లు, ఆగస్టు నుంచి మే దాకా 9 నెలల కాంట్రాక్టు. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, మంచం, టేబుల్ అన్నీ అందులోనే. బయట ముగ్గురు సీనియర్లు ఉంటున్న డబుల్ బెడ్‌రూం ఫ్లాటులో 425 డాలర్లకే స్పాట్ (ఒకరికి చోటు) ఉంది, ఏడాది లీజు. బ్యాంకు లోన్‌తో పంపిస్తున్నాం. సగం ధరకు దొరుకుతుంటే క్యాంపస్ గది దేనికని మావాడి వాదన. ఏది తీసుకోమంటారు? (ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: నెల అద్దెలు పక్కపక్కన పెట్టి చూస్తే మీవాడి మాటే నెగ్గుతుంది. ఏడాది మొత్తానికి జేబులోంచి ఎంత పోతుందో చూడండి.

క్యాంపస్ గదికి 9 నెలలకు 7,650 డాలర్లు, అంతే. బయట స్పాటుకు 12 నెలల అద్దె 5,100. కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్‌లో అతని వాటా నెలకు 60 అనుకుంటే 720. పరుపు, టేబుల్, కుర్చీ, వంటసామానుకు 400. అప్లికేషన్ ఫీజు 75, రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకున్నవాళ్ల సామానుకు బీమా) 150, క్యాబ్ ఖర్చులు నెలకు 40 చొప్పున 480. మొత్తం 6,925. ఇవి నేను వేసుకున్న అంచనాలు. సీనియర్ల దగ్గర గత ఏడాది బిల్లులు అడిగి సరిచేసుకోండి. తిరిగొచ్చే డిపాజిట్‌ను ఇందులో కలపలేదు. తేడా 725 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున సుమారు 65 వేలు.

అయితే ఇది మే నెలలో గది ఖాళీ చేసి ఇంటికొచ్చేసే విద్యార్థి లెక్క. వేసవి మూడు నెలలూ అక్కడే ఉండి, క్యాంపస్ గదినే అదే ధరకు కొనసాగిస్తే 2,550 కలిసి 10,200 అవుతుంది. అప్పుడు బయట స్పాట్ 3,275 డాలర్లు చౌక, అంటే దాదాపు మూడు లక్షలు. అదే వేసవిలో వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వస్తే బయటి లీజుకు మూడు నెలల అద్దె ఊరికే కట్టాలి, లేదా సబ్‌లీజుకు (తన చోటును వేరొకరికి అద్దెకు) ఇవ్వాలి. దానికి ఫ్లాటు యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పైగా వేసవిలో అందరూ స్పాట్లు ఖాళీ చేస్తారు కాబట్టి పూర్తి అద్దె రాదు.

ఇక అసలు ప్రమాదం లీజు కాగితంలో ఉంది. నలుగురూ ఒకే లీజు మీద సంతకం చేస్తే అది ఉమ్మడి బాధ్యత: ఎవరు మానేసినా మొత్తం 1,700 డాలర్లూ మిగిలినవాళ్లే కట్టాలి. జనవరిలో చేరిన సీనియర్లు చాలామంది రెండేళ్లకు డిసెంబర్‌లో చదువు ముగిస్తారు. ఇద్దరు అలా వెళ్లిపోయి, జనవరి బ్యాచ్ నుంచి మనుషులు దొరక్కపోతే, మీవాడి వాటా 850. క్యాంపస్ గదికి వద్దనుకున్న మొత్తమే అది! అందుకే సీనియర్లను ముందు అడగాల్సింది అద్దె గురించి కాదు, ఎవరి చదువు ఏ నెలలో అయిపోతుందని. మనిషికో లీజు రాసుకునే అపార్ట్‌మెంట్లూ ఉంటాయి. అక్కడ అద్దె కాస్త ఎక్కువైనా పక్కవాడి బాకీ మీవాడి మీద పడదు. లీజులో పేరు లేకుండా ‘హాల్ స్పాట్’లో (హాల్లో పడుకునే చోటులో) సర్దుకోవడం మాత్రం వద్దు. యాజమాన్యం పట్టుకుంటే అందరికీ ఇబ్బందే, డిపాజిట్ అడిగే హక్కూ ఉండదు.

ఆర్లింగ్టన్‌కు మరో మెలిక ఉంది. అంత పెద్ద ఊరైనా రూట్ బస్సులు లేవు. యాప్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్లను నగరం నడిపిస్తోంది. క్లాసుకు నడిచి వెళ్లేంత దూరంలో ఫ్లాటు లేకపోతే రెండో సెమిస్టర్‌కల్లా కారు మాట వస్తుంది. కొత్త డ్రైవర్‌కు ఇన్సూరెన్స్ ఖరీదు చూస్తే పైన చూపిన ఆదా కనపడకుండా పోతుంది. ఆగస్టు ఎండలో రెండు మైళ్లు నడవడం గుంటూరువాళ్లకు అలవాటే అంటారేమో గానీ, రాత్రి పదింటికి ల్యాబ్ నుంచి తిరిగి రావడం వేరే సంగతి.

క్యాంపస్ గదికీ లోపాలున్నాయి. వంటగది లేని డార్మ్ (హాస్టల్) అయితే చాలాచోట్ల మీల్ ప్లాన్ (ముందే డబ్బు కట్టే క్యాంపస్ భోజనం) తప్పనిసరి. ఆ తిండి రుచించక బయట కొనుక్కుంటే రెండు ఖర్చులు. మీకు వచ్చింది అపార్ట్‌మెంట్ కాబట్టి వంటగది ఉండాలి, అయినా మీల్ ప్లాన్ ఉందేమో కాంట్రాక్టులో చూడండి. శీతాకాలం సెలవుల్లో భవనం మూసేస్తారా, మధ్యలో మానుకుంటే ఎంత కోస్తారు అన్నవి కూడా. అన్నిటికన్నా ముఖ్యం, వీసా రాకపోతే జరిమానా లేకుండా రద్దు చేస్తారా అన్నది. బయటి లీజు మీదైతే వీసా స్టాంప్ పడేదాకా సంతకం చేయించకండి, ఒక్క డాలరూ పంపకండి. ఫ్లాటు ఫొటోలు చూపించి ముందు డబ్బు లాగే మోసాలు కొత్త విద్యార్థుల చుట్టూనే తిరుగుతాయి.

డబ్బు పంపే దారిలోనూ తేడా ఉంది. క్యాంపస్ గది బిల్లు యూనివర్సిటీ ఖాతాలో ఉంటుంది కాబట్టి బ్యాంకు ఫీజుతోపాటే నేరుగా కట్టడం తేలిక. బయటైతే జీవన ఖర్చుల కింద మంజూరైన మొత్తాన్నే విడిపించుకోవాలి, దానికి లీజు కాపీ అడగవచ్చు. ఈలోగా మొదటి నెలకే అద్దె 425, ఫర్నిచర్ 400, అప్లికేషన్ ఫీజు 75, డిపాజిట్ వాటా ఓ 300, వెరసి 1,200 డాలర్లు ఫారెక్స్ కార్డులో సిద్ధంగా ఉండాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేనివాళ్లను కరెంటు కంపెనీ కూడా డిపాజిట్ అడగవచ్చు.

బ్యాంకు విద్యారుణం నుంచి వెళ్లే సొమ్ముకు టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) లేదు. మీ సొంత డబ్బు ఏడాదికి 10 లక్షలు దాటితేనే వర్తిస్తుంది. నెలనెలా అద్దె పంపేటప్పుడు, డబ్బు దేనికో బ్యాంకు రాసుకునే చోట విదేశీ చదువు కోడ్ వేయించండి. ‘బంధువుల పోషణ’ అని రాస్తే 10 లక్షలు దాటిన మొత్తంపై 20 శాతం కోస్తారు. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది.

సీనియర్లు ముగ్గురూ లీజు ముగిసేదాకా ఉండేవాళ్లై, ఫ్లాటు నడిచే దూరంలో ఉండి, మీవాడు వేసవిలో అక్కడే ఉంటానంటే బయట స్పాటే తీసుకోండి. ఈ మూడింట్లో ఒక్కటి తేలకపోయినా మొదటి ఏడాది క్యాంపస్ గది. మే నాటికి అతనికి ఊరు తెలుస్తుంది, రూమ్మేట్లు తెలుస్తారు, అప్పుడు మారొచ్చు. ఏ దారైనా, చేరిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్ ఫొటోలు తీసి, ఇచ్చిన గడువులోపు కండిషన్ ఫారం (చేరేనాటికి ఇల్లు ఎలా ఉందో రాసే కాగితం) నింపి ఇవ్వమనండి. టెక్సస్ చట్టం ప్రకారం ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ తిరిగి ఇవ్వాలి, కానీ కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చినప్పుడే ఓనరుకు ఆ బాధ్యత మొదలవుతుంది. చాలామంది పిల్లలు ఆ ఒక్క ఈమెయిల్ పంపక డిపాజిట్ వదులుకుంటారు.