క్రిస్మస్ సిలువకు ముందుమాట మాత్రమేనా? మా నాన్న మంచం పక్కన నాకు దొరికిన జవాబు

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. యేసు మన పాపాల కోసం సిలువ మీద చనిపోయాడు, అది చాలదా, పుట్టుకకు ఇంత ప్రాముఖ్యం ఎందుకు అన్నది ఒకటి. పక్కింటివాళ్లు "మా దేవుళ్లూ అవతారాలెత్తారు కదా" అంటే ఏం చెప్పాలన్నది రెండోది. దేవుడు మనిషయ్యాడని నమ్మితే సోమవారం నుంచి శనివారం దాకా నా బతుకులో ఏం మారుతుందన్నది మూడోది. నేను మూడోదాని వైపు నుంచే వస్తాను. మిగతా రెండింటికీ జవాబు నాకు అక్కడే దొరికింది.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరి పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో రెండూ కలిపి. 2011 జనగణన ప్రకారం మా గజపతి జిల్లాలో మూడోవంతుకు పైగా క్రైస్తవులమే. డిసెంబరు వచ్చిందంటే కొండల మీది ఊళ్లలో కూడా వెదురు బద్దల నక్షత్రాలు వెలుగుతాయి. చిన్నప్పటి నుంచి క్రిస్మస్ ప్రసంగాలు చాలా విన్నాను. దాదాపు అన్నీ పశువుల తొట్టి దగ్గర మొదలై పది నిమిషాల్లో కల్వరికి, అంటే సిలువ వేసిన చోటికి చేరిపోయేవి. "చనిపోవడానికే పుట్టాడు" అని ముగించేవారు. ఆ మాట నిజమే. కానీ అందుకోసమే అయితే పెద్దవాడిగా నేరుగా దిగి రావచ్చు కదా? తల్లి కడుపులో నెలలు నిండేదాకా ఉండటం, పాలు తాగడం, తప్పటడుగులు వేయడం, ఒక చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి ఉండిపోవడం దేనికి?

బోధ మొదలుపెట్టేనాటికి ఆయనకు సుమారు 30 ఏళ్లని లూకా రాశాడు. అంతకుముందు సంగతుల్లో, పన్నెండేళ్లప్పుడు యెరూషలేములో తల్లిదండ్రులకు కనబడకుండా పోయిన కథ తప్ప, బాల్యం దాటాక సువార్తలు ఇంకేమీ చెప్పవు. సొంత ఊరివాళ్లు ఆయన మాటలు విని, ఇతను మనకు తెలిసిన వడ్రంగే కదా అని ఆశ్చర్యపోయారని మార్కు 6లో ఉంది. అంటే ఆయన ఆయుష్షులో ఎక్కువ భాగం పని, తిండి, నిద్ర, ఇంటి బాధ్యత. ప్రసంగాలు లేవు, అద్భుతాలు లేవు. ఆ ఏళ్లన్నీ కూడా దేవుడు మన మధ్య గడిపిన ఏళ్లే.

ఇది నా మనసుకు ఎక్కింది నాన్నకు పక్షవాతం వచ్చాక. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. బరంపురం పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక అమ్మా నేనూ చూసుకున్నాం. నాన్న సంఘ పెద్ద. ప్రార్థన మొదలుపెడితే ఊళ్లో ప్రతి ఇంటినీ పేరు పేరునా తలుచుకునేవారు. ఆ మనిషి చివరికి ఆమెన్ అనడానికి కూడా పెదవులు కూడదీసుకోలేకపోయారు.

మంచాన పడ్డ మనిషి పని ఎలా ఉంటుందో చేసినవాళ్లకు తెలుసు. చోడి జావ తాగించాలంటే ముందు తలగడలు ఎత్తు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కొంచెం కిందికి వంచమనాలి. చెంచా పడిపోయిన వైపు కాకుండా బాగున్న వైపు పెట్టాలి. గుటక పడిందా లేదా అని గొంతు వైపే చూస్తూ ఉండాలి. అది పడకుండా రెండో చెంచా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తాగాక అరగంటైనా పడుకోబెట్టకూడదు. రాత్రీ పగలూ రెండేసి గంటలకు ఒకసారి పక్క మార్చాలి, లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఇక బట్ట మార్చడం. డైపర్లకు డబ్బులు చాలక పాత పంచెలు చింపి, ఉతికి, ఎండలో ఆరేసి వాడుకునేవాళ్లం. మొదట్లో నేను బట్ట విప్పుతుంటే నాన్న మొహం గోడవైపు తిప్పేసుకునేవారు. కళ్లమ్మట నీళ్లు కారేవి.

చూడటానికి వచ్చినవాళ్లందరూ మంచివాళ్లే. వాళ్ల ఓదార్పు మాత్రం నాకు గుచ్చుకునేది. "శరీరం మట్టే కదమ్మా, ఆత్మ భద్రంగా ఉంటే చాలు" అనేవారు. మరి రోజంతా నా చేతులు చేస్తున్నది ఆ మట్టి పనే. అదంతా దేవుడికి పట్టని పని అన్నట్టుండేది. నాకు వాక్యం చదువుకునే తీరిక లేదు, కూడికలకు వెళ్లే వీలు లేదు. నా ఆత్మీయ జీవితం ఆగిపోయిందని ఒకరిద్దరు జాలిపడ్డారు కూడా.

ఆ డిసెంబరులో ఒక సాయంత్రం నాన్నకు బట్ట మారుస్తున్నాను. చర్చిలో పిల్లల రిహార్సల్స్ జరుగుతున్నాయి, మైకు మా వీధి దాకా వినబడుతుంది. ఒక పాప లూకా రెండో అధ్యాయం కంఠతా చెబుతోంది. పొత్తిగుడ్డలతో చుట్టి, తొట్టిలో పరుండబెట్టెను అన్న చోట నా చేతిలో ఉన్నది కూడా గుడ్డే. ఎన్నోసార్లు విన్న వచనం అది. దేవుని కుమారుడికి గుడ్డలు మార్చాల్సి వచ్చిందని అప్పటిదాకా నాకు తట్టలేదు. మరియమ్మ ఆయన్ని కడిగింది, తుడిచింది, ఎత్తుకుని పాలిచ్చింది. మెడ నిలపలేని స్థితిలో, మాట రాని స్థితిలో, ఇంకొకరు చేస్తే తప్ప ఏదీ జరగని స్థితిలో దేవుడు కొన్ని నెలలు గడిపాడు. అలా ఉన్నప్పుడు ఆయన దేవుడిగా ఏమాత్రం తక్కువ కాలేదని మన విశ్వాసం. మరి మా నాన్న మనిషిగా తక్కువెలా అవుతారు?

నాన్నకు ఇదే చెప్పాను, నాకు వచ్చిన మాటల్లో. అర్థమైందో లేదో ఆయన చెప్పలేరు. బట్ట మార్చేటప్పుడు మొహం తిప్పుకోవడం ఆ తర్వాత కూడా పూర్తిగా పోలేదు, కానీ కొన్ని రోజులు నా చెయ్యి పట్టుకునేవారు. నా మట్టుకు నాకు ఆ పని మీద గౌరవం వచ్చింది. మనుష్యుల పోలికగా పుట్టి, దాసుని స్వరూపం ధరించుకుని, తన్ను తానే రిక్తునిగా (ఖాళీగా) చేసుకున్నాడని పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాట నాకు సిద్ధాంతం కాదిప్పుడు. మా ఇంట్లో, ఆ మంచం దగ్గర జరిగిన సంగతి.

మొదటి శతాబ్దాల సంఘం దీనికోసం ఎందుకంత పోరాడిందో కూడా అప్పుడే తెలుసుకున్నాను. ఆ రోజుల్లో కొందరు యేసు నిజంగా మనిషి కాలేదు, మనిషిలా కనబడ్డాడంతే అనేవారు. దేవుడికి ఆకలీ నొప్పీ ఏమిటని వాళ్ల అభ్యంతరం. యోహాను మొదటి పత్రిక దాన్ని గట్టిగా ఖండిస్తుంది. రెండో శతాబ్దం మొదట్లో, విశ్వాసం కోసం ప్రాణమిచ్చే హతసాక్షి కావడానికి రోముకు తీసుకెళ్తుంటే, అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ దారిలో రాసిన ఉత్తరాల్లోనూ ఇదే గొడవ. ఆయన నిజంగా పుట్టాడు, నిజంగా తిన్నాడు, నిజంగా బాధపడ్డాడు అని మళ్లీ మళ్లీ రాశాడు. 325లో బిషప్పులు కూడిన నికయ సభ, ఆయన తండ్రితో సమానుడైన దేవుడే అని తేల్చింది. తర్వాత అపొల్లినారిస్ అనే బిషప్, శరీరం మనిషిదే గానీ లోపలి బుద్ధి మాత్రం దైవ వాక్యమే, అంటే దేవుని కుమారుడే, మనిషిది కాదు అన్నాడు. దానికి నజియాంజుస్ గ్రెగొరీ అనే మరో బిషప్ ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. మనిషిలో ఏది ఆయన తన మీద వేసుకోలేదో అది బాగుపడలేదన్నాడు. 451లో కల్కెదోను సభ ఆయన సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి అని ఒప్పుకుంది.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు గ్రెగొరీ మాటలోనే ఉంది. సిలువ మీద ఆయన అర్పించినది ఏమిటి? పుట్టుకతో మన దగ్గర తీసుకున్న ఈ మనిషితనమే. అది అరకొరగా ఉంటే సిలువ కూడా అరకొరే. భయం, అలసట, స్నేహితుడు చనిపోతే వచ్చే ఏడుపు, బావి దగ్గర దాహం, తోటలో చెమట, అన్నీ ఆయన మోశాడు. పాపం ఒక్కటే ఆయనలో లేదు. అందుకే మన బలహీనతలు తెలిసిన యాజకుడని హెబ్రీ పత్రిక అంత ధీమాగా అంటుంది. దెబ్బతిన్న మెదడు, పలకని నాలుక ఉన్న మా నాన్నను రక్షణ దాటిపోలేదని నేను నమ్మడానికి ఆధారం కూడా ఇదే. పుట్టుకను సిలువ నుంచి విడదీసి ఏది ముఖ్యమని అడగడమే నాకు సరిగా అనిపించదు.

అవతారాల సంగతికి వస్తే, పక్కింటివాళ్లతో వాదన పెట్టుకోకండి. మా వీధిలో రథయాత్ర రోజున వాళ్లు ప్రసాదం పంపుతారు, క్రిస్మస్‌కు మేం అరిసెలు పంపుతాం, ఆ చనువులో మాట్లాడుకుంటే చాలు. వాళ్ల నమ్మకం గురించి వాళ్లే చెప్పాలి. మనది అడిగితే మాత్రం ఒక సంగతి తప్పక చెప్పండి: యేసు మనిషితనాన్ని పని అయ్యాక విడిచిపెట్టలేదు. తిరిగి లేచాక శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు. తోమాకు గాయాలు చూపించాడు. దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తుయేసను నరుడు అని పౌలు తిమోతికి రాసింది ఆయన ఆరోహణమై చాలా ఏళ్లయ్యాక. ఇప్పటికీ ఆయన మనిషే, గాయాల గుర్తులతో సహా. నాన్నను సమాధి చేసిన రోజున నేను పట్టుకున్నది ఈ మాటనే. ఆత్మ ఎక్కడో సుఖంగా ఉందన్న ఓదార్పు ఒక్కటే నాకు చాలేది కాదు. నేను కడిగిన ఆ శరీరాన్ని కూడా దేవుడు లేపుతాడని మన ఒప్పుకోలు.

మా ప్రాంతంలో ఈ నమ్మకం కట్టడాల్లో కూడా కనబడుతుంది. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టు మిషనరీలు తర్వాత మా వైపు వచ్చినప్పుడు, చర్చితో ఆగిపోకుండా సెరంగో కొండల్లో ఆసుపత్రి కూడా పెట్టారు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ మొదలుపెట్టిన క్రైస్తవ ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. శరీరం వట్టి మట్టే అనుకుంటే మలేరియాకు, కాన్పులకు, అంత దూరం ఎవరొస్తారు?

ఇంకొకటి. దేవుడు మనిషయ్యాడంటే ఎక్కడో ఒకచోట, ఏదో ఒక యాసలో మనిషయ్యాడు. ఆయన పెరిగింది గలిలయలో. అక్కడివాళ్ల మాటతీరు యెరూషలేములో ఇట్టే పట్టేసేవారు, పేతురును అలాగే పట్టుకున్నారు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, పర్లాకిమిడి ఎస్టేటులో చాలా భాగం అటు మద్రాసు వైపే ఉండిపోయింది. అప్పటి నుంచీ మా తెలుగు విని విశాఖలో నవ్వుతారు, మా ఒడియా విని కటకంలో నవ్వుతారు. దేవుని కుమారుడూ ఇలాంటి పక్కప్రాంతపు మనిషేనని తెలిశాక నాకు అది బాధగా లేదు. అయితే మనమూ ఒక పని మానాలి. కొండ మీది నుంచి దిగొచ్చే సవర గిరిజన విశ్వాసుల తెలుగుకు మనవాళ్లు నవ్వడం నేను చూశాను. వాళ్లు వెనక బెంచీల్లో కూర్చుంటారు, క్రిస్మస్ విందులో చివరి బంతికి వస్తారు. వాక్యం శరీరధారి అయిందని, అంటే దేవుడు మనిషయ్యాడని పాడి ఆ మనుషుల్ని దూరం పెడితే మనం పాడింది మనమే కాదన్నట్టు.

2007 క్రిస్మస్ వేళ మా ఒడిశాలోనే కంధమాల్ జిల్లాలో క్రైస్తవుల మీద దాడుల్లో చర్చిలు, ఇళ్లు తగలబడ్డాయి. 2008 ఆగస్టులో మళ్లీ, మరింత ఘోరంగా. వేలాదిమంది అడవుల్లోకి, శిబిరాల్లోకి పారిపోయారు. హేరోదు రాజుకు భయపడి రాత్రికి రాత్రి బిడ్డను తీసుకుని ఐగుప్తుకు వెళ్లిన యోసేపు మరియల కథను మా వైపు జనం ఆ తర్వాత మామూలుగా చదవలేకపోయారు. అది కూడా క్రిస్మస్ కథలో భాగమే, మనం నాటకాల్లో ఎక్కువగా వదిలేస్తాం గానీ.

చివరగా, మూడో ప్రశ్న వెనకే వచ్చే "ఏం చేయాలి" అన్నదానికి. లూకా 2, ఫిలిప్పీ 2, హెబ్రీ 2 ఈ నెలలో నిదానంగా చదవండి. కేరల్స్ టీముతో తిరిగేటప్పుడు మంచాన పడ్డవాళ్లున్న ఇంటికి తప్పకుండా వెళ్లండి, డప్పులూ స్పీకర్లూ బయట పెట్టి. మనిషి పక్కన కూర్చుని రెండు పాటలు మెల్లగా పాడండి, మాట రాకపోయినా పాట చాలామందికి అందుతుంది. మా నాన్న మాట పోయాక కూడా పాత కీర్తనల రాగం పలికేవారు. 24 రాత్రి ఆ ఇంట్లో చూసుకునే అమ్మాయినో కోడలినో ఆరాధనకు పంపి, మీలో ఇద్దరు ఆ మంచం దగ్గర ఉండండి. ఏ వైపు తిప్పి పడుకోబెట్టాలో, జావ ఎలా పట్టాలో, బట్టలు ఎక్కడున్నాయో ఆమె వెళ్లేలోపే అడిగి తెలుసుకోండి.