90ల పాటల క్యాసెట్లు: ఏవి ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, మొద్దుబారిన గొంతు ఎట్లా బాగుచేయాలి

హన్మకొండలో పాత ఇల్లు సర్దుతుంటే 90ల నాటి క్యాసెట్లు 40 దాకా బయటపడ్డాయి, ఆ పాటలు మళ్లీ అప్పటి తీరుగానే వినాలని ఉంది, కానీ టేప్ రికార్డర్‌లో పెడితే గొంతులు మొద్దుగా వస్తున్నాయి, ఏం చేయాలి అని అడిగారు.

ముందు అన్నింటినీ నేల మీద పరిచి వేరుచేయండి. కంపెనీ క్యాసెట్ల మీద శ్రమ వద్దు. మన చల్లగరిగె చంద్రబోస్ తొలి పాట రాసిన ‘తాజ్ మహల్’ (1995), వందేమాతరం శ్రీనివాస్ సంగీతం చేసిన ‘ఒసేయ్ రాములమ్మ’ (1997) లాంటివి ఫోన్‌లోనే ఇంతకన్నా శుభ్రంగా దొరుకుతాయి. షాపులో లిస్టు రాసిచ్చి ఎక్కించుకున్న క్యాసెట్ల సంగతి వేరు. వాటిలో విలువంతా వరుసలో ఉంది. ఒక పాట అయిపోతుంటే చెవి తర్వాతి పాట కోసం ముందే సిద్ధమవుతుంది. ఏ సైడు చివర చరణం మధ్యలో రీలు అయిపోయిన పాట ఈరోజు పూర్తిగా విన్నా, అక్కడికి రాగానే ఆగుతుందేమో అనిపిస్తుంది. అందుకే లోపలి అట్ట మీది చేతిరాతను ఫోటో తీసి, ఫోన్‌లో అదే వరుసలో ప్లేలిస్టు చేసుకోండి. మీరు అడిగిన ‘అప్పటి తీరు’ చాలామటుకు దీంతోనే వస్తుంది.

మీ సమయమంతా ఇంట్లో రికార్డు చేసిన వాటికి పెట్టండి. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మనాడు పట్టిన ఉయ్యాల పాటలు, నాట్లేస్తూ పాడిన పాటలు, పెళ్లిలో పెద్దమ్మలు అందుకున్న పాటలు మరెక్కడా దొరకవు. ఉన్నది ఆ ఒక్క రీలే. వాటి వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులను ఇప్పుడే విరిచేయండి. లేకుంటే పొరపాటున రికార్డు బటన్ పడితే పాట చెరిగిపోతుంది.

గొంతు మొద్దుబారడానికి ఎక్కువగా కనిపించే కారణం ప్యాడు. క్యాసెట్ నోటి దగ్గర, రీలు వెనక, సన్నటి రాగి రేకు మీద గోరంత నమదా ముక్క అతికించి ఉంటుంది. రీలును హెడ్డుకు, అంటే మెషిన్‌లో రీలు మీది పాటను చదివే లోహపు ముక్కకు, అదిమిపట్టేది అదే. ఏళ్లు గడిస్తే జిగురు ఎండి ఊడిపోతుంది. అప్పుడు శబ్దం పెరుగుతూ తగ్గుతూ, దుప్పటి కప్పినట్టు వస్తుంది. పనికిరాని క్యాసెట్‌కు ఉన్న 5 స్క్రూలు విప్పి, దాని ప్యాడును రేకుతో సహా తీసి ఇందులో పెట్టండి. స్క్రూలు లేని అతుకు క్యాసెట్ అయితే డబ్బా అంచును జాగ్రత్తగా చీల్చి, రెండు చక్రాలనూ రీలుతో సహా స్క్రూల డబ్బాలోకి మార్చాలి. కిటికీలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి బూజు కనిపిస్తే అది మంచి మెషిన్‌లో పెట్టకండి, బూజు హెడ్డుకు అంటి తర్వాతి క్యాసెట్లకు పాకుతుంది.

ప్యాడు బాగానే ఉంటే మెషిన్ చూడండి. హెడ్డు మీద గోధుమరంగు మట్టి పేరుకుని ఉంటుంది. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, రంగు అంటడం ఆగేదాకా తుడవండి. రబ్బరు రోలర్‌కు మాత్రం సబ్బునీళ్ల తడిబట్ట చాలు. పాట నిదానంగా సాగుతూ, ఆడగొంతు మగగొంతులా దిగితే లోపలి బెల్టు సాగినట్టు. కొత్త బెల్టు వేయించేదాకా రికార్డింగు మొదలుపెట్టొద్దు.

ఇక చాలామంది వదిలేసేది హెడ్డు వాలు. హెడ్డుకు రెండువైపులా స్క్రూలుంటాయి. కింద స్ప్రింగు ఉన్నదాన్నే తిప్పాలి. మొదట దాని తల మీద పెన్నుతో గీత పెట్టుకోండి. పాట మోగుతుండగా, అయస్కాంతం లేని సన్న స్క్రూడ్రైవర్‌తో చుట్టులో ఎనిమిదో వంతు అటూ ఇటూ తిప్పి వినండి. స, శ, చ అక్షరాలు, తాళం చివరి గలగల ఎక్కడ తేటగా వస్తే అక్కడ ఆపండి. ఇంటి రికార్డింగులు వేరే మెషిన్‌లో చేసినవి కాబట్టి ఏ క్యాసెట్‌కు ఆ క్యాసెట్ సరిచూసుకోవాల్సిందే. పాడైపోయిందని పక్కన పెట్టిన రీలులో చప్పట్ల మోత విడివిడిగా పలికేది ఈ స్క్రూ తిప్పాకే.

కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ రివైండ్ చేయండి, అంటుకున్న పొరలు విడతాయి. సి-90 (90 నిమిషాల క్యాసెట్) రీలు సి-60 (60 నిమిషాలది) కన్నా పలచన, లాగితే సాగుతుంది, అది చేత్తో పెన్ను పెట్టి తిప్పడమే మేలు. రీలు తెగితే సెల్లోటేపు వాడొద్దు, జిగురు కారి పక్క పొరను పట్టుకుంటుంది. రీలు అతికించడానికే చేసిన స్ప్లైసింగ్ టేపునే, హెడ్డుకు తగలని వైపు అతికించండి.

ల్యాప్‌టాప్‌కు ఉండే ఒక్క రంధ్రం చాలావాటిలో హెడ్‌ఫోన్‌కూ మైకుకూ కలిపి ఉంటుంది, లోపలికి తీసుకునేది మైకు శబ్దమే, అదీ మోనో. లైన్ ఇన్ (టేప్ రికార్డర్ నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకునే రంధ్రం) ఉన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ కొనండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టి, బాగా గట్టిగా పాడిన చోట కూడా అందులోని మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి. వేవ్ ఫైలు నిమిషానికి 10 ఎంబీ పైచిలుకు, సి-60 మొత్తానికి 635 ఎంబీ దాకా వస్తుంది. ఫోన్‌కు పంపుకోవడానికి ఎంపీ3 విడిగా తీయండి, వేవ్‌ను రెండుచోట్ల దాచండి.

బుస్సుమనే శబ్దాన్ని పూర్తిగా తీసేయాలని చూడకండి. నాయిస్ రిడక్షన్ ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, వెనకాల వినిపించే వాకిలి సందడి కూడా పోతుంది. తీసినా కాపీ మీదే తీయండి.

ఫైలు పేరులో ఊరు, ఏడాది, సైడు, పాడినవాళ్లు ఉండాలి. ఎక్కించిన రోజే ఇంట్లో పెద్దవాళ్లకు వినిపించండి. ఉయ్యాలో అని ఎత్తుకున్నది ఎవరు, కోరస్‌లో పక్కన ఉన్నది ఎవరు అన్నది వాళ్లే గుర్తుపట్టగలరు. వాళ్లు చెప్తుండగా పక్కన ఫోన్‌లో అది కూడా రికార్డు చేసి, ఆ క్యాసెట్ ఫోల్డర్‌లోనే పెట్టండి.