మెరుగులు దిద్దుతామా, పెడతామా?

సందేహం: సరదాగా పాటలు రాస్తుంటాను. ఈమధ్య రాసిన పల్లవి స్నేహితురాలికి పంపితే ‘బాగుంది, కాస్త మెరుగులు దిద్దితే ఇంకా బాగుంటుంది’ అని మెసేజ్ పెట్టింది. అది చూసి మా మామయ్యగారు ‘మెరుగు పెడతారమ్మా, దిద్దేదేమిటి?’ అని నవ్వారు. ఏది ఒప్పు? ఫీడ్‌బ్యాక్‌కి మంచి తెలుగు మాట కూడా చెప్పండి. పల్లవి ఇదీ:

నది దాటి వచ్చాను నీ దరికి నేను
మది దాచుకున్నాను నీ రూపు నేను

– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మామయ్యగారితో నాకు పేచీ లేదు. ఉన్న పేచీ అంతా మీ స్నేహితురాలితోనే. అదీ వ్యాకరణం విషయంలో కాదు.

మెరుగు అసలు రూపం మెఱుగు. మెఱయు, మెఱుపు దీని తోబుట్టువులే. పోతనకు రాముడు కనబడ్డప్పుడు పక్కన సీత ఎలా ఉందో చెప్పిన పాదం గుర్తుందా? ‘మెఱుఁగు చెంగట నున్న మేఘంబు కైవడి’. అక్కడ మెఱుగంటే మెరుపే. నగకు మెరుగు పెడితే నగ మెరుస్తుంది, ఆకారం మాత్రం మారదు. వంకర గాజుకు ఎంత మెరుగు పెట్టినా అది మెరిసే వంకర గాజే. ‘దానికన్నా ఇది మెరుగు’ అన్న వాడుక తర్వాతి సంగతి.

దిద్దు సంగతి వేరు. నాకు ఈ మాట మీద కాస్త పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. తమిళంలో తిరుందు, తిరుత్తు అని రెండు క్రియలున్నాయి. తనంతట తాను బాగుపడటం తిరుందు, ఇంకోదాన్ని బాగుచేయడం తిరుత్తు. పాత కన్నడంలో తిర్దు, ఇప్పటి కన్నడంలో తిద్దు. మన దిద్దు వీటి వరసే. చట్టానికి చేసే సవరణను కన్నడిగులు తిద్దుపడి అంటారు, తమిళులు తిరుత్తం అంటారు. మనకు దిద్దుబాటు అనే మాట చేతిలో ఉండి కూడా దాన్ని బళ్లోనే వదిలేశాం.

బళ్లో దిద్దడం ఎలా ఉండేదో చూడండి. పలక మీద పంతులుగారు పెద్ద ‘అ’ రాసిస్తారు. పిల్ల బలపం పట్టుకుని ఆ గీత మీదే మళ్లీ రాస్తుంది. అక్కడ తప్పేమీ లేదు, అయినా దిద్దడమే. అంటే దిద్దడంలో తప్పు కొట్టేయడం కన్నా ముందు, ఉన్న గీత వెంట చెయ్యి ఇంకోసారి నడవడం ఉంది. బొట్టు దిద్దడం, మీసం దిద్దడం, పరీక్ష పేపర్లు దిద్దడం, కాపురం చక్కదిద్దడం, ఎక్కడ చూసినా చేతి కింద ఓ ఆకారం ఉంటుంది. (చెవి దిద్దుల జోలికి ఇప్పుడు పోను.) మరీ దిద్దితే ఏమవుతుందో కూడా పలకే చెబుతుంది. పదోసారికి గీత లావెక్కి, అది ‘అ’ అవునో కాదో పోల్చుకోలేం. పాటలకూ ఈ జబ్బు వస్తుంది.

గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. 1909లో మళ్లీ వచ్చిన నాటకాన్ని మొదటిదాని పక్కన పెట్టి చదవండి. అది మెరుగు పెట్టడం కాదు, చాలాచోట్ల కొత్తగా కట్టడం. ఆ మరుసటి ఏడే ఆయన రాసిన కథ పేరు ‘దిద్దుబాటు’. కాకతాళీయమే కావచ్చు, నాకు మాత్రం ముచ్చటగా ఉంటుంది.

ఇక ‘మెరుగులు దిద్దు’. సభల ఏర్పాట్లకూ బడ్జెట్‌కూ అన్నిటికీ ‘తుది మెరుగులు దిద్దుతున్నారు’ అని వార్తలు చదివి చదివి విసుగెత్తింది. అయినా తప్పని కొట్టేయలేను. బొట్టును దిద్దినట్టే మెరుగునూ దిద్దుతామండీ అని ఎవరైనా వాదిస్తే నా దగ్గర గట్టి జవాబు లేదు. నేనైతే రాయను. తీర్చిదిద్దడం అన్న చక్కటి జంట మాట ఉండగా ఇదెందుకు?

అసలు చిక్కు ఏమిటంటే, మీ పల్లవికి కావలసింది దిద్దుబాటు, స్నేహితురాలు ఇచ్చింది మెరుగు సలహా. ‘బాగుంది, కానీ ఇంకా బాగుండాలి’ అంటే రాసినవాళ్లకు టెన్షన్ తప్ప ఏం మిగులుతుంది? ఎక్కడ ఆగిందో చెప్పాలి కదా.

మీ నడక ఐదేసి మాత్రలది (పొట్టి అక్షరానికి ఒక మాత్ర, దీర్ఘానికీ ఒత్తుకు ముందున్న అక్షరానికీ రెండు). ‘నది దాటి’ ఐదు, ‘వచ్చాను’ ఐదు. బాగా కుదిరింది. రెండో పాదంలో ఆ లెక్క కోసం ‘మదిలో’ని ‘మది’ చేశారు. దాంతో మీరు మదినే ఎక్కడో దాచేసినట్టయింది. చివరి ‘నేను’ కూడా చెప్పడానికి ఏమీ లేక వచ్చిన ‘నేను’. ‘మదిలోన దాచాను నీ రూపునే’ అని చూడండి. ‘మదిలోన’ ఐదు, ‘దాచాను’ ఐదు. ప్రాస, అంటే రెండు పాదాల్లోనూ రెండో అక్షరంగా వచ్చే ‘ది’, కూడా పోలేదు. పాదం చివర ‘నే’ దీర్ఘం కాబట్టి గొంతుకు సాగదీసుకునే చోటూ దొరికింది. నచ్చకపోతే మీ దారి మీది.

ఫీడ్‌బ్యాక్‌కి తెలుగా? స్పందన అంటే ‘సూపర్’ కూడా స్పందనే. విమర్శ అనండి. దాని ధాతువు మృశ్, అంటే తాకడం, చేత్తో తడిమి చూడడం. ఈ రోజుల్లో విమర్శ అంటే తిట్టనుకుంటున్నారు కాబట్టి ఫీడ్‌బ్యాక్ అనే అన్నా నాకు అభ్యంతరం లేదు. పేరు కన్నా పద్ధతి ముఖ్యం. ఈసారి పాట పంపి ‘ఎలా ఉంది?’ అని అడక్కండి. బాణీ వినిపించి, కాగితం ఆమె చేతికిచ్చి పాడమనండి. మీరు పాడితే మీ గొంతు మీ తప్పుల్ని కప్పేస్తుంది. ఆమె ఊపిరి చాలక ఏ మాటను విరిచిందో, ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ గీత పెట్టుకోండి. తర్వాత కాగితం తీసేసుకుని, ఏ మాటలు గుర్తున్నాయో అడగండి.

ఒకటి మాత్రం నేనిక్కడి నుంచే ఊహించగలను. బాణీలో మొదటి అక్షరం మీద సాగదీత పడిందా, ‘నది’ కాస్తా ‘నాది’ అవుతుంది, కింద ‘మది’ కూడా ‘మాది’ అవుతుంది. హ్రస్వదీర్ఘాలు తేడా వస్తే అర్థమే మారిపోయే భాష మనది. నది తీసేసి ‘ఏరు’ పెడదామంటే ప్రాస పోతుంది, మాత్రలూ కుదరవు. సాగదీత ‘దాటి’లోని ‘దా’ మీదికి జరుగుతుందేమో బాణీ కట్టినవారిని అడిగి చూడండి.