పరాయి గుర్రం మన పొలంలో ఈనితే పిల్ల ఎవరిది?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి ప్రాంతం. తాతగారి నుంచి వచ్చిన మూడెకరాల మెట్టపొలాన్ని నేను చూసుకుంటున్నాను. అన్నయ్య విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. మాకింకా పంపకాలు కాలేదు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఒకాయన మా బావగారికి తెలిసినవాడు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు గనుక శ్రావణం వచ్చేదాకా తన ఆడగుర్రాన్ని మా పొలంలో మేపమని, నెలనెలా మేత ఖర్చు ఇస్తానని నోటిమాటగా చెప్పి దించి వెళ్ళాడు. మొదటి నెల డబ్బు ఇచ్చాడు. ఇప్పుడు కార్తీకం నడుస్తోంది. డబ్బూ లేదు, మనిషీ రాలేదు, ఫోను చేస్తే వచ్చేవారం అంటాడు. ఈలోగా పశువైద్యుడు చూసి గుర్రం చూడితో ఉందని, ఎనిమిదో నెల అని చెప్పారు. మేత బాకీ కింద పుట్టే పిల్లను ఉంచుకుందామని నాన్నగారు, గుర్రాన్నే అమ్మేయమని ఊరి పెద్దలు అంటున్నారు. ఈ బెడద మనకెందుకని అన్నయ్య కోప్పడుతున్నాడు. ఆవుల్ని సాకిన అనుభవమే తప్ప మాకు గుర్రం సంగతి తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా అమ్మకం మాట పూర్తిగా మానుకోండి. నమ్మి అప్పగించిన సొత్తును యజమాని అనుమతి లేకుండా అమ్ముకుంటే, అతను మీకు ఎంత బాకీ ఉన్నా సరే, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కింద నమ్మకద్రోహం కేసులో మీరు ఇరుక్కునే ప్రమాదం ఉంది. సలహా ఇచ్చిన పెద్దలు ఆనాడు కోర్టుకు రారు.

ఇక పిల్ల విషయం. మీకూ ఆ యజమానికీ మధ్య కాగితం లేకపోయినా, గుర్రం మీ చేతికి వచ్చిన క్షణం నుంచి 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని అప్పగింత నియమాలు మీ ఇద్దరికీ వర్తిస్తాయి. అప్పగించిన సొత్తు వల్ల కలిగిన వృద్ధి కూడా యజమానికే చెందుతుందని ఆ చట్టం 163వ సెక్షను చెబుతోంది. దానికి చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ మీ ఇంటికి దగ్గరగా ఉంటుంది: ఒకరు తన ఆవును సాకమని ఇంకొకరికి అప్పగించగా అది ఈనితే, ఆవుతో పాటు దూడనూ తిరిగి ఇవ్వాలి. కనుక ఇప్పుడున్న స్థితిలో పుట్టే పిల్ల మీది కాదు. అయితే అదే సెక్షను "దీనికి భిన్నమైన ఒప్పందం లేనప్పుడు" అన్న మినహాయింపుతో మొదలవుతుంది. అంటే నాన్నగారి ఆలోచన తప్పు కాదు; యజమాని ఒప్పుకోకుండా అది చెల్లదు. బాకీ కింద పిల్లను మీకు వదులుతున్నాననో, పిల్ల ధర ఇంత అని కట్టి అందులో బాకీ మినహాయిస్తాననో అతను స్టాంపు కాగితం మీద రాసి ఇస్తే, ఆ పిల్ల మీదవుతుంది. ఈ రాతకోతలు పిల్ల పుట్టకముందే జరగాలి. పుట్టిన తరువాత, ముఖ్యంగా అది చూడముచ్చటగా ఉంటే, బేరం వేరుగా నడుస్తుంది.

ఆ కాగితంలో పిల్ల సంగతితో పాటు మరికొన్ని విషయాలు ఉండాలి. నెలకు మేత ఖర్చు ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి, గుర్రాన్ని ఎప్పటికి తీసుకువెళ్ళాలి, అతను ఫోనుకు దొరకనప్పుడు అత్యవసర వైద్యం చేయించే అధికారం మీకు ఉందా, ఆ ఖర్చు ఎవరిది అన్నవి రాసుకోండి. నా దృష్టిలో వీటన్నిటిలోకి వైద్యం అధికారమే ముఖ్యం, ఎందుకంటే గుర్రానికి వచ్చే కడుపునొప్పి యజమాని బస్సు దిగేదాకా ఆగదు.

డబ్బు రాబట్టుకునే మార్గం ఉంది. అతను మేత ఖర్చు ఇస్తానన్నాడు, ఒక నెల ఇచ్చాడు కూడా. అది ఒప్పందానికి రుజువు. ప్రతిఫలం ఏమీ లేకుండా సాకినవారికి సైతం అవసరమైన ఖర్చులను యజమాని తిరిగి చెల్లించాలని 158వ సెక్షను అంటోంది. మేత, మందులు, వైద్యుడి రసీదులు, ఫోనులోని సందేశాలు దాచండి. మామూలుగా ఇలాంటి బాకీకి దావా గడువు మూడేళ్ళు. అయితే బాకీ తీర్చేదాకా గుర్రాన్ని కదలనివ్వనని పట్టుబట్టే హక్కు మీకు ఉందని ధీమాగా ఉండకండి. వస్తువు మీద శ్రమనో నైపుణ్యాన్నో వెచ్చించినవారికి 170వ సెక్షను అలాంటి హక్కు ఇస్తుంది గాని, కేవలం మేపినందుకు ఆ హక్కు పుడుతుందా అన్నది వివాదానికి తావిచ్చే విషయం.

నోటీసుకు ముందు బావగారిని వెంటబెట్టుకుని ఒకసారి అతని ఇంటికి వెళ్ళి మాట్లాడమంటాను. ముహూర్తాల మీద బతికేవారికి ముహూర్తాలు లేని నెలల్లో చేతిలో డబ్బు ఆడదు. అతను మోసగాడే అయి ఉండనక్కరలేదు, ముఖం చెల్లక తప్పించుకుంటూ ఉండవచ్చు. పిల్ల ప్రస్తావన అప్పుడే తెస్తే అతనికీ అది ఊరటగా తోచవచ్చు. అప్పటికీ పలకకపోతే బాకీ వివరాలు, గడువు తేదీ రాసి, చేరినట్లు రుజువు దొరికే పద్ధతిలో తపాలా ద్వారా నోటీసు పంపండి.

గుర్రానికి ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులన్నది మీరు అడగలేదు గాని, అన్నయ్యగారి కోపం వెనుక ఉన్న భయం బహుశా అదే. సామాన్య వివేకం గల మనిషి అలాంటి తన సొంత సొత్తును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త మీరు చూపాలని 151వ సెక్షను నిర్దేశిస్తుంది. అంత జాగ్రత్త తీసుకున్నా నష్టం జరిగితే మీది బాధ్యత కాదని 152వ సెక్షను ఊరటనిస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ చూసినవారికి ఇది పుస్తకంలో మాటలా అనిపించదు. తుపాను హెచ్చరిక వచ్చాక కూడా రేకుల పాకలో కట్టేసి ఉంచితే అది జాగ్రత్త అనిపించుకోదు. గుర్రం పక్కవారి చేలో పడితే వచ్చే తగవు మాత్రం ముందు మీ గుమ్మానికే వస్తుంది. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం గుర్రాలను కూడా పశువుల్లోనే లెక్కిస్తుంది. పంపకాలు కాని పొలం గనుక అన్నయ్యగారికి, అక్కచెల్లెళ్ళు ఉంటే వారికీ చెప్పే చేయండి. పక్కా శాల కట్టే ఆలోచన పెట్టుకోకండి.

చట్టం కన్నా మీ ఇంట్లో ఉన్న గడ్డివాము నన్ను ఎక్కువ భయపెడుతోంది. ఆవుకు నాలుగు గదుల కడుపు, నెమరు ఉన్నాయి. గుర్రానికి చిన్న జీర్ణాశయం, నెమరు లేదు, తిన్నది పడకపోతే వాంతి కూడా చేసుకోలేదు. అందుకే ఒకేసారి గంపెడు వేయకుండా రోజంతా కొద్దికొద్దిగా మేయనివ్వాలి. సుమారు 350 కిలోల గుర్రానికి రోజుకు ఆరేడు కిలోల ఎండుమేత లెక్కన కావాలి, నీరు 25 నుంచి 40 లీటర్ల దాకా తాగుతుంది. వరిగడ్డి కడుపు నింపుతుందే తప్ప బలం ఇవ్వదు, ఎక్కువైతే పేగుల్లో గడ్డకట్టి నొప్పి తెస్తుంది. గరిక, బూజు లేని ఎండు వేరుశనగ తీగ మంచివి. నేపియర్ గడ్డి ఒక్కటే వేస్తూపోతే అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వక దవడ ఎముకలు వాస్తాయి. పచ్చిజొన్న గుర్రానికి మూత్రాశయ వ్యాధి, వెనుక కాళ్ళ పట్టు తప్పడం తేగలదు. చూడిగుర్రానికి అసలు వేయకండి. నానబెట్టి ఉడికించిన ఉలవలు పాతకాలం నుంచి ఉన్న దాణాయే. ఎంత పెట్టాలో వైద్యుడిని అడిగి, మేతలో ఏ మార్పైనా వారం పదిరోజుల మీద మెల్లగా చేయండి.

రెండు విషయాల్లో మాత్రం ఏ మాత్రం చనువు తీసుకోకండి. మీ ప్రాంతంలో మొక్కజొన్న విస్తారంగా పండుతుంది గనుక బూజు పట్టిన గింజలు పశువులకు వేయడం అలవాటై ఉండవచ్చు. ఆ బూజులోని విషం గుర్రం మెదడును కరిగించి ప్రాణం తీస్తుంది. రెండోది, కోళ్ళ దాణాలోను, కొన్ని పశువుల దాణాల్లోను కలిపే మోనెన్సిన్ అనే మందు. ఆవు తట్టుకునే మోతాదే గుర్రం గుండెను దెబ్బతీస్తుంది. గట్టుమీద గన్నేరు, ఆముదం మొక్కలు ఉంటే వాటి దరికి పోనివ్వకండి. ముళ్ళతీగ కంచె, గోడ లేని నేలబావి ఉన్నవైపు రాత్రిపూట వదలకండి.

గుర్రం ముందుకాలితో నేల తవ్వుతున్నా, తలతిప్పి డొక్కల వైపు చూస్తున్నా, పదేపదే పడి పొర్లుతున్నా, లద్దె వేయడం ఆగినా వెంటనే వైద్యుడిని పిలవాలి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చేయవచ్చు. గరివిడిలో పశువైద్య కళాశాల మీకు పక్కనే ఉండడం నిజంగా కలిసివచ్చే విషయం.

గుర్రం చూడికాలం సుమారు పదకొండు నెలలు. వైద్యుడి లెక్క ప్రకారం మాఘమాసం ప్రాంతంలో ఈనవచ్చు. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు చాలా ఎక్కువ కనుక ఈనడానికి నాలుగైదు వారాల ముందు ఆ టీకా వేయించమని అడగండి. పిల్ల గంటలోపు నిలబడాలి, రెండు గంటల్లోపు పాలు తాగాలి, తల్లికి మాయ మూడు గంటల్లోపు పడాలి. ఆవుకు మాయ పడకపోతే మరునాటిదాకా చూసే అలవాటు మన రైతులకు ఉంది. గుర్రం విషయంలో ఆ అలవాటు ప్రాణాంతకం. మూడు గంటలు దాటితే అర్ధరాత్రయినా వైద్యుడు రావలసిందే.

ప్రశ్న: మా టెక్కలి దగ్గర తోటలో ఒక స్నేహితుడు తన గుర్రాన్ని ఉంచి, నన్ను ఎక్కి తిప్పుతూ ఉండమన్నాడు. ఇంటరు చదివే మా అబ్బాయి కూడా ఎక్కుతానంటున్నాడు. పరవాలేదా?

జవాబు: స్నేహితుడిని అడగకుండా ఎక్కించకండి. కాంట్రాక్టు చట్టం 154వ సెక్షనులో అచ్చంగా ఈ ఉదాహరణే ఉంది: స్వారీకి నీకు మాత్రమే అని ఇచ్చిన గుర్రాన్ని ఇంట్లో మరొకరు ఎక్కితే, ఎంత జాగ్రత్తగా నడిపినా, అది పడి గాయపడిన నష్టం తీసుకున్నవాడే భరించాలి. అనుమతి ఇస్తే ఫోనులో సందేశంగా పెట్టించుకోండి. గుర్రానికి బెదిరే, తన్నే, పరుగులంకించుకునే గుణం ఉందా అని కూడా అడగండి. తెలిసి దాచితే జరిగే హానికి అతనే బాధ్యుడని 150వ సెక్షను, అదీ గుర్రం ఉదాహరణతోనే, చెబుతోంది. అబ్బాయి హెల్మెట్ లేకుండా ఎక్కకూడదు, మొదటి నెల తాడు మీ చేతిలోనే ఉండాలి.