డయాలసిస్ ఆపేయమని కాగితం రాయిస్తే చెల్లుతుందా?

ప్రశ్న: మాది సోంపేట మండలం. నాన్నకు 71 ఏళ్లు, కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. జీడితోట అన్నయ్య పేరున రాసిచ్చేశారు. కారుణ్య మరణానికి సుప్రీంకోర్టు ఒప్పుకుందంటూ అన్నయ్య స్టాంపు కాగితం తెచ్చాడు. నాన్నేమో "మీకు బరువైపోయాను, ఎక్కడ వేలిముద్ర వేయమంటే అక్కడ వేస్తాను" అంటున్నారు. అది చెల్లుతుందా?

జవాబు: చెల్లదమ్మా. దాని మీద వేలిముద్ర పడనివ్వకండి.

2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఒప్పుకున్నది కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాన్ని కృత్రిమంగా నిలబెట్టే వైద్యం ఆపడానికి మాత్రమే. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీస్తే, రోగి సమ్మతించినా, నేరమే.

ఆశ లేని స్థితి వస్తే ఇలాంటి వైద్యం వద్దని ముందుగా రాసిపెట్టుకునే లివింగ్ విల్లు సంగతి వేరు. రాసిన మనిషి తన మాట తాను చెప్పలేని స్థితికి చేరాకే అది అక్కరకొస్తుంది. మీ నాన్నగారు తెలివిలో ఉన్నారు, మాట్లాడుతున్నారు. వైద్యం కావాలో వద్దో ఆయనే డాక్టరుకు చెప్పాలి. కొడుకు జేబులోని కాగితం చెప్పడానికి లేదు. లివింగ్ విల్లు రాయాలన్నా, 2023 జనవరిలో సుప్రీంకోర్టు నిబంధనలు సడలించాక కూడా ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరణ చేయించాలి. బలవంతం, ప్రలోభం లేవని ఆ అధికారి నమ్మాలి. అమలు చేసే ముందు చికిత్స చేసే డాక్టరు, మరో ఇద్దరు నిపుణులతో ఒక బోర్డు, జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరుతో రెండో బోర్డు చూడాలి. ఆపైన ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి.

ఇన్ని కాపలాలున్నా ఇంట్లో నలిగే మనిషిని ఏ బోర్డూ చూడలేదు. కెనడాలాంటి చోట్ల, కోరిన రోగిని డాక్టరు సాయంతో చనిపోనిచ్చే చట్టాల మీద వికలాంగుల సంఘాలు మొత్తుకునేదీ ఇదే: నొప్పి కన్నా "బరువైపోయాను" అన్న దిగులే ఎక్కువమంది చేత సంతకం పెట్టిస్తుందేమోనని. మీ నాన్నగారి మాట నాకు సమ్మతిలా వినిపించడం లేదు. డయాలసిస్ సెంటర్లో డాక్టరుతో ఆయన్ని ఒంటరిగా, కొడుకు లేనప్పుడు మాట్లాడించండి. డబ్బే బెంగైతే, డయాలసిస్ రోగులకు ప్రభుత్వ పింఛను నెలకు రూ.10,000 ఉంది. అది ఎవరి చేతికి వెళ్తోందో చూడండి.

తోట విషయానికి వస్తే, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు నకలు తీయించండి. "నన్ను పోషించాలి" అన్న షరతు అందులో ఉంటే, అన్నయ్య పోషణ మానేస్తే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని నాన్నగారు కోరవచ్చు. షరతు రాయకుండా ఉంటే కేసు కష్టమవుతుంది, అయినా నెలనెలా పోషణ ఖర్చు అడిగే హక్కు పోదు. దరఖాస్తు తెల్లకాగితం మీద పలాస ఆర్డీఓ గారికి ఇవ్వాలి. మీరు వెంట వెళ్లండి, అడిగినప్పుడు మాత్రం ఆయన్నే మాట్లాడనివ్వండి.

ఇప్పటికే వేలిముద్ర పడిపోయి ఉంటే, దాన్ని రద్దు చేస్తున్నానని ఆయన చేత రాయించి, ఒక ప్రతి ఆసుపత్రికి రసీదు తీసుకుని ఇవ్వండి. చావమని పురికొల్పడం భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడే నేరమని అన్నయ్యకు కూడా తెలియనివ్వండి.